మూడు మూలల శాలువా

ఊరు ఇచ్చిన గడువు సాయంత్రం నాలుగు గంటలు. డిటెక్టివ్ బడి గేటు దాటేసరికి ఒంటిగంటా యాభై అయింది. మిగిలింది రెండు గంటల పది నిమిషాలు. ఈలోగా మాస్టారు ఎలా పోయాడో తేల్చకపోతే, పుస్తకాల గదిలో తాళం వేసి కూర్చోబెట్టిన ఆడమనిషిని గేటు బయట నిలబడ్డ రెండొందల మందికి అప్పజెప్పాలి. అప్పజెప్పకపోతే వాళ్ళే వచ్చి తీసుకుపోతారు. కాపలాకి ఉన్నది ఇద్దరంటే ఇద్దరు కానిస్టేబుళ్ళు, వాళ్ళలో ఒకడు అప్పటికే జేబురుమాలుతో నాలుగోసారి మెడ తుడుచుకుంటున్నాడు.

ఆ ఆడమనిషి ఊరి దర్జీ. నిన్న, మంగళవారం పొద్దున్న, ఊరంతా మాస్టారని పిలిచే రిటైరైన బడిపంతులు మంచంలో చచ్చిపడి కనిపించాడు. ఒంటిమీద గాటు లేదు, గీత లేదు. తలగడ కింద మాత్రం ఒక చేతబడి మూట దొరికింది. గుడ్డలో వెంట్రుకలు పెట్టి, చుట్టూ కుట్టి, నడుమ సూది గుచ్చిన మూట. గుడ్డ, దారం, సూది అనగానే ఊరికి దర్జీ తప్ప ఇంకెవరూ గుర్తుకు రాలేదు.

గుర్తుకు రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. ముప్పై ఆరేళ్ళ కిందట ఊళ్ళో వరసగా జ్వరాలొచ్చి మనుషులు పోతుంటే, ముగ్గురు ఆడవాళ్ళని మంత్రగత్తెలని ఒక్క సాయంత్రంలో కొట్టి చంపేశారు. మూడో ఆవిడ ఈ దర్జీ తల్లి. కేసు నడిచింది, సాక్షులు రాలేదు, అందరూ చేతులు దులుపుకున్నారు. చేతులైతే దులుపుకున్నారు గానీ భయం మాత్రం ఊరిని వదల్లేదు. మంగలి షాపులో క్రాపు చేయించుకున్నవాడు తన వెంట్రుకలు పొట్లం కట్టించుకుని ఇంటికి తీసుకెళ్ళి కాల్చేస్తాడు. బట్టలు కుట్టించుకున్నవాళ్ళు మిగిలిన తునకలు గోరంత కూడా వదలకుండా అడిగి పట్టుకుపోతారు. తన ఒంటికి తగిలిన ముక్క ఇంకొకరి చేతిలో ఉండకూడదు. స్కూటరెక్కి ఆఫీసులకెళ్ళేవాళ్ళు కూడా ఇదే పని చేస్తారు. ఎందుకండీ అని అడిగితే అలవాటండీ అని నవ్వేస్తారు.

డిటెక్టివ్‌కి డిపార్ట్‌మెంట్‌లో ముద్దుపేరు గడియారం. ఎదురుగా ఎవరూ అనరు, వెనకాల అనని వాడు లేడు. 'ఎన్నింటికి?' అన్న మాట లేకుండా ఆవిడ నోట ఒక్క ప్రశ్నా ఊడిపడదు. పెళ్ళైన కొత్తలో మొగుడు నువ్వంటే ఇష్టం అంటే, ఎప్పట్నుంచి అని నిలదీసిందని ఒక జోకు చాలాకాలంగా తిరుగుతోంది. ఆవిడ దాన్ని ఇంతవరకూ ఖండించలేదు.

పుస్తకాల గదిలో పిల్లలు కూర్చునే పొట్టి బెంచీ మీద దర్జీ మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చుంది. నలభై ఆరేళ్ళ మనిషి. మెడలో కొలతల టేపు ఇంకా అలాగే వేలాడుతోంది, తీసి పక్కన పెట్టాలన్న ధ్యాస కూడా లేదు. డిటెక్టివ్ అడిగిన టైములన్నీ ఆవిడ తడుముకోకుండా చెప్పింది. సోమవారం ఆరింటికి దుకాణం మూసింది. మంగళవారం ఏడింటికి తెరిచింది. ఎనిమిదీ పదికి మొదటి రాయి వచ్చి మిషను మీద పడింది. మాస్టారికి ఆఖరిసారి చొక్కా కుట్టింది రెండు వారాల కిందట, తునకలన్నీ ఆయన భార్య చేతిలోనే పెట్టింది.

"మళ్ళీ ఈ ఊరికే ఎందుకొచ్చావమ్మా?" అని అడిగింది డిటెక్టివ్.

"నాలుగేళ్ళయింది మేడమ్ వచ్చి. మా అమ్మ ఇక్కడే ఉంది కదా."

"ఎక్కడ?"

"అదే ఎవరూ చెప్పరు. ఎక్కడ పూడ్చారో ఎవరో ఒకరు ఏదో ఒకరోజు చెబుతారని అందరికీ బట్టలు కుడుతూ కూర్చున్నాను."

మూట సంగతి అడిగితే దర్జీ అసలు దాన్ని తను చూడనే లేదంది. నీలం మీద తెల్లచుక్కల గుడ్డ అనీ, అది తన తల్లి శాలువా ముక్కే అనీ ఊళ్ళో పెద్దవాళ్ళంతా పోల్చారట. తల్లి శాలువా కూతురి దగ్గర కాక ఇంకెవరి దగ్గరుంటుందని గదిమారట.

"ఆ రోజు నాకు పదేళ్ళు. ఒంటిమీద గౌనుతో మా పిన్ని నన్ను ఊరు దాటించింది. అమ్మది ఒక్క దారప్పోగు కూడా నా దగ్గర లేదు మేడమ్. ఉంటే నేనెందుకు దాస్తాను? కప్పుకుని తిరిగేదాన్ని."

ఆ మాట అబద్ధం కాదని డిటెక్టివ్‌కి తెలిసిపోయింది. కానీ తెలియడం వేరు, రెండొందల మందికి చూపించడం వేరు.

హెడ్మాస్టరు గదిలో ఇన్‌స్పెక్టర్ కాగితాల ముందు కూర్చుని ఉన్నాడు. యాభైకి ఒక ఏడాది తక్కువ, నున్నగా కత్తిరించిన మీసం, మడత నలగని చొక్కా. ఈ స్టేషనుకి వచ్చి రెండు నెలలే అయినా ఊరు ఆయన గుప్పిట్లో ఉన్నట్టే మాట్లాడతాడు. దర్జీ మీద రిపోర్టు అప్పటికే రాసేశాడు, సంతకం ఒక్కటే తక్కువ. పైనుంచి ఈ గడియారాన్ని పంపించడం ఆయనకి ముల్లులా గుచ్చుకుంది. దాన్ని దాచుకోవడానికి ఆయనేమీ కష్టపడలేదు.

"అరెస్టు చేశామని చెబితే జనం చల్లబడతారు. ఆవిడ ప్రాణమూ దక్కుతుంది. మీరు అనవసరంగా సాగదీస్తున్నారు."

"పోలీసులే ఆవిడ పేరు రాశాక ఊరికి ఇంకా సందేహం ఏముంటుంది? జీపు ఊరి పొలిమేర దాటదు," అంది డిటెక్టివ్. "మూట ఏదీ?"

ఆయన కవరు ఆవిడ ముందుకి తోశాడు. తోస్తూ, ఆ శాలువా గురించి సందేహమే అక్కర్లేదన్నాడు. నీళ్ళు మోస్తున్నా, వంట చేస్తున్నా దర్జీ తల్లి భుజం మీంచి అది దిగేదే కాదన్నాడు. మీరు చూశారా అని డిటెక్టివ్ తల ఎత్తకుండానే అడిగింది. ఊరంతా చెబుతోంది కదా అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆవిడ చిమటాతో మూటని తిప్పి చూసింది. కోడిగుడ్డంత ఉంది, పల్చటి గుడ్డ మడత మీద మడత. సూది తుప్పు పట్టి గోధుమరంగుకి తిరిగింది. ఆ తుప్పు చుట్టూ గుడ్డకి ఎక్కి, రూపాయి బిళ్ళంత వలయంలా మడతల్లోంచి అవతలివైపుకి దిగింది. కుట్టు ఒకచోట విప్పితే లోపల్నుంచి వెంట్రుకలు బయటపడ్డాయి. కాటుకలా నల్లటి వెంట్రుకలు.

డిటెక్టివ్ లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. పన్నెండేళ్ళ కిందట మాస్టారి రిటైర్మెంటు రోజు తీసిన ఫొటో అక్కడ వేలాడుతోంది. పూలదండ వేసుకున్న ఆయన తల అప్పటికే పత్తికాయ పగిలినట్టు తెల్లగా ఉంది.

"ఈ తుప్పు ఒక రాత్రిలో ఎక్కేది కాదు, ఏళ్ళు పడుతుంది. ఈ మూట కుట్టేనాటికి మాస్టారి జుట్టు నలుపు. దర్జీ ఊళ్ళోకొచ్చేసరికి తెలుపు. మరి ఆవిడ ఎలా కుట్టింది?"

"ఆ వెంట్రుకలు ఇంకెవరివో అయ్యుండొచ్చు."

"అయితే చేతబడి ఆ ఇంకెవరికో తగలాలి కదా ఇన్‌స్పెక్టర్ గారూ. మాస్టారెందుకు పోయారు?"

తలుపు దగ్గర నిలబడ్డ కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాడు. ఇన్‌స్పెక్టర్ మొహం మాడిపోయింది. బయటున్నవాళ్ళకి తుప్పు పాఠాలు ఎక్కవనీ, వాళ్ళకి నాలుగింటికి ఒక మనిషి కావాలనీ అన్నాడు. ఆ ఒక్క మాటలో మాత్రం అబద్ధం లేదు. సరిగ్గా అప్పుడే పెద్దాసుపత్రి డాక్టరు ఫోన్ చేసి, గుండె ఆగి పోయాడనీ, ఎందుకు ఆగిందో ల్యాబ్ వాళ్ళు చెప్పడానికి రెండు రోజులు పడుతుందనీ చెప్పాడు. టైము రెండుంబావు. ల్యాబ్ రెండు రోజులు అడుగుతోంది, ఊరు రెండు గంటలు కూడా ఇవ్వడం లేదు.

మాస్టారి ఇల్లు రెండు వీధుల అవతల ఉంది. డిటెక్టివ్ నడవలేదు, దాదాపు పరిగెత్తింది. మాస్టారి భార్య ముందుగదిలో గోడకి ఆనుకుని కూర్చుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆవిడ చెప్పిన ప్రకారం మాస్టారు ఆరూ పదికి పాలు తానే తీసుకుని, మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు. ఏడుంబావుకి, రోజూ ఇచ్చే టైముకే, ఆవిడ టీ పట్టుకెళ్ళింది. ఒంటిమీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. వెంటనే కేక వేసింది. ఎంత వెంటనే అని డిటెక్టివ్ అడిగింది. టీ గ్లాసు కింద పెట్టీ పెట్టకుండానే అంది ఆవిడ.

మంచం గది కిటికీకి సరిగ్గా అవతల ఇస్త్రీ బండి ఉంటుంది. ఇస్త్రీ తాత పొద్దున్న ఆరున్నర నించీ అక్కడే నిలబడతాడు, పక్కన రేడియో మోగుతుంటుంది. ఆయన చేతికి వాచీ లేదు. కానీ కేక ఎప్పుడు వినబడిందంటే మాత్రం ఠక్కున చెప్పాడు. పాటలైపోయి, ఏడున్నర వార్తలు మొదలై, ముఖ్యాంశాలు చదువుతుండగా.

"అంతకుముందు ఇంట్లోంచి ఏదైనా చప్పుడు?"

"పెట్టె లాగినట్టు వినబడిందమ్మా. పైన, అటక మీద. ఆఖరి పాట నడుస్తుంటే. పాట పాడు చేస్తున్నారని విసుక్కున్నాను కూడా."

ఏడుంబావుకి శవం కనబడితే ఏడున్నర దాటాక కేక. మధ్యలో పదిహేను నిమిషాలు, అటక మీద లాగిన ఒక పెట్టె. ఇరవై రెండేళ్ళ సర్వీసు తర్వాత కూడా ఇలాంటి నిమిషాల్లో డిటెక్టివ్‌కి కాళ్ళు నేలమీద నిలవవు. నిచ్చెన వేసుకుని తనే అటకెక్కింది. అరంగుళం దుమ్ములో పెట్టె లాగిన చారలు తాజాగా ఉన్నాయి. మూత ఎత్తితే పాత దుప్పట్లు, ఊలు బట్టలు, కలరా ఉండల వాసన. అడుగున మడతపెట్టిన తెల్ల దుప్పటి మధ్యలో రూపాయి బిళ్ళంత గోధుమరంగు తుప్పు మరక ఉంది.

ఆవిడ దుప్పటి పట్టుకుని దిగేసరికి మాస్టారి భార్య నిలబడి ఉంది. దుప్పటిని చూడగానే అక్కడే నేలమీద కూర్చుండిపోయింది.

"మూట ఎన్నేళ్ళు దీనిమీద పడుకుంది పిన్నిగారూ?"

"ముప్పై ఆరు," అంది ఆవిడ.

ఆ తర్వాత అడగక్కర్లేకుండానే మూట సంగతంతా చెప్పేసింది. ఆ ముగ్గురు ఆడవాళ్ళనీ చంపిన సాయంత్రం ఆవిడ కొత్తకోడలు. అత్తగారు ఆయాసపడుతూ వచ్చి చిరిగిన శాలువా ముక్క ఒకటి చేతిలో పెట్టిందట. ఈ ఊళ్ళో మగాడు హఠాత్తుగా పోతే ముందు ఆ ఇంట్లో ఆడదాన్నే అనుమానిస్తారు, అప్పుడు ఇది తలగడ కింద కనబడితే ఆ చచ్చినదాని పీడ ఇంకా పోలేదనుకుంటారు, నువ్వు బతుకుతావు అందట. మొగుడి దువ్వెనలో వెంట్రుకలు ఏరి, ఆ రాత్రే కుట్టి దాచుకుంది ఈ కోడలు. ముప్పై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా పెట్టె తెరిచి చూడలేదు. ఎక్కడుందో మాత్రం ఒక్కరోజూ మర్చిపోలేదు.

"నిన్న ఆయన ఒళ్ళు చల్లగా తగలగానే నాకు ఏడుపు రాలేదమ్మా. భయమేసింది. ఇప్పుడు నన్నే అంటారు అనిపించింది. ముందు అటకెక్కాను, తర్వాత ఏడ్చాను." ఆవిడ మొహం చేతుల్లో దాచుకుంది. "చచ్చిపోయినావిడ మీదికి పోతుందనుకున్నాను. చచ్చినావిడకి ఇంక పోయేదేముంది అనుకున్నాను. కూతురు ఊళ్ళోనే ఉందన్న సంగతి ఆ నిమిషంలో తట్టనేలేదు. మొన్ననే నాకు జాకెట్టు కుట్టిచ్చింది ఆ పిల్ల."

డిటెక్టివ్ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. కోపం రావాల్సిన చోట జాలి వచ్చి అడ్డం పడింది. ఇలాంటి మూటలు ఇంకా ఎవరి దగ్గరున్నాయని అడిగితే మాస్టారి భార్య తల అడ్డంగా ఊపింది. అది మాత్రం అడగొద్దంది.

గుమ్మం దగ్గర నీడ కదిలింది. ఇన్‌స్పెక్టర్ ఎప్పుడొచ్చాడో, ఎంతసేపట్నుంచి వింటున్నాడో తెలియదు. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. జీపు స్టార్టయిన చప్పుడు వినబడింది. ఆయన ఏం చెయ్యబోతున్నాడో డిటెక్టివ్‌కి అర్థమైంది. మాస్టారి భార్య చెయ్యి పట్టుకుని లేవదీసి, రెండు వీధులూ పరుగులాంటి నడకతో బడికి లాక్కొచ్చింది. ఇంట్లో వదిలేయడం కంటే గోడల మధ్య నయం అనుకుంది.

కానీ జీపు ముందే వచ్చేసింది. గేటు మెట్టు మీద నిలబడి ఇన్‌స్పెక్టర్ గొంతెత్తి చెబుతున్నాడు. మూట దర్జీది కాదట. మాస్టారి పెళ్ళామే కుట్టిందట. ముప్పై ఆరేళ్ళు ఇంట్లో దాచిందట. తన నోటితో తానే ఒప్పుకుందట.

ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. ఒకావిడ మెడకున్న తాడు విప్పి ఇంకొకావిడ మెడకి వేసినట్టయింది, వేసింది డిటెక్టివే. జనం ఒక్క నిమిషం ఆలోచించుకోవడానికి కూడా ఆగలేదు. పొద్దుట్నుంచి దర్జీని తిట్టిన నోళ్ళే ఇప్పుడు మాస్టారి భార్యని తిట్టడం మొదలుపెట్టాయి. నిన్నటిదాకా పిన్నీ, అత్తా, వదినా అని పిలిచినవాళ్ళు ఇప్పుడు అది, ఇది అంటున్నారు. కానిస్టేబుళ్ళు అతికష్టం మీద ఇద్దరినీ గేటు లోపలికి లాగారు. టైము మూడూ నలభై.

"ఎందుకు చేశారు ఈ పని?" డిటెక్టివ్ పళ్ళ బిగువున అడిగింది.

"నిజం తేల్చమన్నది మీరే కదా మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తేలింది. చెప్పాను."

అప్పుడు గుంపులోంచి ఒక ముసలావిడ ముందుకొచ్చింది. మాస్టారి భార్యకి తోడికోడలు. ఇద్దరికీ పదకొండేళ్ళుగా మాటల్లేవని ఊరందరికీ తెలుసు. ఆవిడ గేటు దగ్గర అడ్డుగా ఉన్న కానిస్టేబుల్ని మోచేత్తో పక్కకి నెట్టి లోపలికొచ్చింది. బడి వాకిట్లో ఉన్న బల్ల మీద పిడికిలి తెరిచింది. కోడిగుడ్డంత మూట, తుప్పు పట్టిన సూది.

"నా దగ్గర కూడా ఉంది. దాన్ని తీసుకెళితే నన్నూ తీసుకెళ్ళండి. మా అత్త ఇద్దరికీ చెరొకటి ఇచ్చింది."

ఆవిడ కొడుకు అమ్మా అని ఏదో అనబోతే ఆవిడ వాడివైపు తిరిగి కూడా చూడలేదు. రెండు నిమిషాల్లో బియ్యం కొట్టావిడ వచ్చింది. తర్వాత పోస్టాఫీసు గుమాస్తా తల్లి. తర్వాత ఇస్త్రీ తాత భార్య, ఇంటికెళ్ళి తెచ్చుకుని మరీ వచ్చింది. ఒకావిడది చింకి చాప కింద ఉందట, ఒకావిడది దేవుడి పటం వెనకాల. అన్నీ ఆ సాయంత్రం ఇంట్లో పెద్దవాళ్ళు తెచ్చిచ్చిన ముక్కలేనట. తోడికోడళ్ళిద్దరి సంగతి తప్ప, ఒకరి దగ్గర ఉందని ఇంకొకరికి ముప్పై ఆరేళ్ళుగా తెలియదని వాళ్ళ మొహాలే చెబుతున్నాయి. డిటెక్టివ్ మాస్టారి భార్య మూటని కూడా తెచ్చి బల్ల మీద పెట్టింది. మొత్తం పదకొండు.

డిటెక్టివ్ కత్తెర తీసుకుని ఒక్కొక్క మూటా కుట్లు విప్పింది. వెంట్రుకలు పక్కకి తీసి గుడ్డముక్కల్ని వరసగా పరిచింది. అన్నీ ఒకటే గుడ్డ. నీలం మీద తెల్లచుక్కలు.

పుస్తకాల గది తాళం తీయమంది. దర్జీ బయటికి వచ్చి బల్ల దగ్గర ఆగింది. తర్వాత చెయ్యి చాపి ఒక ముక్క ఎత్తింది, పక్కముక్క అంచుకి చేర్చింది. చుక్కల వరస కలిసింది. ఇంకో ముక్క తిప్పి పెట్టింది. నేతలో నిలువేదో అడ్డమేదో చూసుకుంటూ, మిషను ముందు కూర్చున్నంత నిదానంగా ఆ పదకొండు ముక్కల్నీ పేర్చింది. చేతులు ఒక్కసారి కూడా తడబడలేదు. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. ఆడవాళ్ళలో ఎవరో వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టారు.

"ఇది అమ్మదే," అంది దర్జీ. జేనతో అంచులు కొలిచింది. ఇంకోసారి కొలిచింది. "మేడమ్, శాలువాకి నాలుగు మూలలుంటాయి. ఇక్కడ మూడే ఉన్నాయి."

డిటెక్టివ్ ఆడవాళ్ళ వైపు తిరిగింది. ఆ మూల ఎవరి దగ్గరుందని అడిగింది. మాస్టారి భార్య ముందుకొచ్చింది. ఆవిడ దర్జీ మొహంలోకి చూస్తూ చెప్పింది, డిటెక్టివ్‌తో కాదు.

"ఆ మూల చింపింది ఆడది కాదమ్మా. పదమూడేళ్ళ పిల్లాడు. సెలవులకి వాళ్ళ అమ్మమ్మ ఇంటికొచ్చాడు. ఆవిడ జ్వరంతో పోయింది. మీ అమ్మని చూపించి, శాలువా మూలలో మందు కట్టుకు తిరుగుతోంది చూడండి అని నడివీధిలో అరిచి, ముందు వాడే పట్టుకుని లాగాడు. వాడు లాగాకే పెద్దవాళ్ళు చెయ్యి వేశారు."

"మాస్టారికి తెలుసా?"

"వాడికి ఆ సెలవులన్నీ లెక్కలు చెప్పింది ఆయనే. మొన్న ఆదివారం మా ఇంటికొస్తే అచ్చం వాళ్ళ అమ్మమ్మ మొహమే కదా, చూడగానే పోల్చుకున్నారు. పాత హత్యల మీద విచారణ సంఘం శుక్రవారం వస్తోంది. అక్కడ నీ పేరే చెబుతాను అని వాడి మొహం మీదే అనేశారు. సోమవారం సాయంత్రం మళ్ళీ వచ్చి ఆయన కాళ్ళమీద పడ్డాడు. ఆయన మెత్తబడి కూర్చోమన్నారు. నేను కూరలకి వెళ్ళొచ్చేసరికి వెళ్ళిపోయాడు. ఆయన గుండెమాత్రల సీసా బల్ల మీద ఉంది. మూత సరిగ్గా పెట్టి లేదు."

మాస్టారు జబ్బుతో పోలేదు, ఆ సీసాలో మాత్రలు మార్చి చంపారని డిటెక్టివ్‌కి తట్టింది. "ఆ సీసా ఇప్పుడెక్కడుంది?"

"నిన్న పొద్దున్న వచ్చి తీసుకెళ్ళాడు. దాన్ని జేబులో వేసుకుని, నా ఎదురుగా కూర్చుని నా వాంగ్మూలం రాసుకున్నాడు. ఇంక నేనెవరితో చెప్పుకోను?"

డిటెక్టివ్ గిరుక్కున తిరిగింది. గేటు మెట్టు మీద ఇన్‌స్పెక్టర్ లేడు. కానిస్టేబుళ్ళిద్దరూ కూడా లేరు. ఇనుప గేటు దభాలున మూసుకుంది, అవతలి వైపు నుంచి గొళ్ళెం పడింది. లోపల మిగిలింది పదకొండు మంది ఆడవాళ్ళు, దర్జీ, తను.

గేటు కమ్మీల అవతల ఆయన జీపు బానెట్ మీదికి ఎక్కి నిలబడ్డాడు. ఇప్పుడు ఆ మొహంలో ఇన్‌స్పెక్టర్ పోజు లేదు.

"మీ కళ్ళతో చూశారుగా," అని అరిచాడు గుంపువైపు తిరిగి. "ఒకతి కాదు, పదకొండు మంది. మీ ఇళ్ళలోనే తింటూ, మీ వెంట్రుకలే కుట్టుకున్నారు. కొంగుల్లో మందు కట్టుకు తిరుగుతున్నారు చూడండి."

దర్జీ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"ఆ రోజు నేను పక్కింటి గాదెలో దాక్కుని విన్నాను మేడమ్," అంది. "గొంతు మారింది. మాటలు అవే."

డిటెక్టివ్ ఆడవాళ్ళందరినీ పుస్తకాల గదిలోకి వెళ్ళమని చెప్పి, తను గేటుకి ఎదురుగా వెళ్ళి నిలబడింది. కమ్మీల అవతల ఉన్నది ఆ ఆడవాళ్ళ మొగుళ్ళూ, కొడుకులూ, తమ్ముళ్ళూ. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు, ఎవరూ అడుగు కదపలేదు. ఒక్క క్షణం ఆవిడకి ఆశ పుట్టింది. ఇన్‌స్పెక్టర్ అదే మాట మళ్ళీ అరిచాడు. ఈసారి గుంపు వెనకాల్నుంచి ఒక గొంతు వంత పాడింది.